నర్సమ్మ కట్టిన పేరు

ఏ పేరన్నావు? సమూయేలా? పెట్టుకో తల్లీ, నాకేం అభ్యంతరం, నా పేరేగా. కాకపోతే కొడుక్కి తాత పేరు పెడుతున్నానని మురిసిపోతున్నావే, అది మన వంశంలో పేరు కాదమ్మా. మిల్లు ఆస్పత్రిలో లావు నర్సమ్మ కట్టిన పేరు. కూర్చో, చెబుతాను, వాడు నిద్రలోనే ఉన్నాడుగా. అప్పట్లో కాన్పులన్నీ ఆవిడ చేతిమీదే. ఆవిడ గొంతు లేచిందంటే డాక్టరుగారే బయటికి నడిచేవాడు. నొప్పులు పడే ప్రతి ఆడదానికీ ఒకటే కథ చెప్పేది. బైబిల్లో వెనకటికెవరో గొడ్రాలట, గుళ్ళో కూర్చుని పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తుంటే "తాగొచ్చావా?" అని పూజారి కసిరాడట. ఆ తర్వాత పుట్టినవాడే సమూయేలు. దేవుణ్ణి అడిగితే దొరికాడని ఆ పేరు పెట్టిందట. అది హీబ్రూ మాట. దేవుడు విన్నాడని అర్థమంటారు కొందరు, కాదు దేవుడి పేరనే అంటారు కొందరు, మనకెందుకు. ఆ కథ వింటే నొప్పి సగం తగ్గేదని మా అమ్మ అనేది.

ఆవిడకో పట్టుదల ఉండేది. పేరు లేని బిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టదు. మగపిల్లాడైతే గుడ్డపేలిక మీద సమూయేలని రాసి కాలికి కట్టేసేది, నచ్చకపోతే ఇంటికెళ్ళి మార్చుకోమనేది. ఎవరు మారుస్తారు? గుమాస్తా ఆ పేలిక చూసే రిజిస్టరులో ఎక్కించేవాడు. చూస్తుండగానే వీధికి నలుగురు తయారయ్యారు. పొడుగు సమూయేలు, నత్తి సమూయేలు, సైకిలు సమూయేలు. మిల్లులో మేస్త్రీ హాజరు పిలిస్తే ఆరుగురం పలికేవాళ్ళం. బట్ట ఎవడు పాడుచేశాడని అడిగితే మాత్రం ఒక్కడూ పలకడు. నవ్వు, నవ్వు. నలభై ఏళ్ళొచ్చేదాకా నేనూ నవ్వాను.

అప్పుడు నర్సమ్మ కబురంపింది. మంచాన పడి ఉంది పాపం. నా చెయ్యి పట్టుకుని, "ఒరే అబ్బాయ్, నువ్వు పుట్టిన రోజే ఇంకొకడూ పుట్టాడు. ఇద్దరికీ పేలికలు విప్పి ఒకే బల్లమీద ఒళ్ళు తుడిచాను. మళ్ళీ కట్టబోతే రెండింటి మీదా ఒకటే పేరు. ఎవడు ఎవడో నాకు తెలీలేదురా" అంది. నలభై ఏళ్ళు వీధిలో ఎదురుపడ్డప్పుడల్లా నా బుగ్గ గిల్లిన మనిషి, ఒక్కనాడూ నోరు విప్పలేదే! ఇప్పటికీ నాకు మింగుడుపడదు. తిన్నగా అమ్మ దగ్గరికెళ్ళాను. బట్టలు మడతపెడుతోంది. నర్సమ్మ మాట చెబితే తలెత్తకుండానే, తెలుసు అంది. పుట్టగానే చూసుకుందట, బిడ్డకి చెవి వెనక మచ్చ ఉందట. ఇంటికొచ్చాక తలంటుతూ చూస్తే నాకు లేదు. మరి వెంటనే వెళ్ళి అడగలేదేమే అన్నాను. "అప్పటికే నాలుగు రోజులు నా పాలు తాగావు. నిన్నెలా ఇచ్చేస్తాను?" అంది.

రెండోవాడా? నా ముందు మగ్గం వాడే. ఆ మచ్చ ఇరవై ఏళ్ళు రోజూ నా కళ్ళ ముందే ఉంది. వాళ్ళమ్మ ఆ ముందటేడే పోయింది. వాడు కుమిలిపోతుంటే భుజం మీద చెయ్యేసి, "ఊరుకోరా, అమ్మలు ఎవరికి మాత్రం శాశ్వతం" అని నేనే ఓదార్చాను. నాకు కన్ను కూడా చెమర్చలేదమ్మా. పొరుగావిడ పోయిందనుకున్నాను... ఆ కిటికీ కాస్త వెయ్యి.