మూడు వదిలేశా

ఆ కుర్చీ లాక్కో తల్లీ. అది కాదు, దాని కాలు ఊగుతుంది, పక్కది. ఏంటీ, రేపు ఇంటర్వ్యూలో ఇవన్నీ అడుగుతారా? పాన్, టిల్ట్, జూమ్, ప్రీసెట్, టాలీ... ఇందులో ఏముంది. పాన్ అంటే కెమెరా తలని అటూ ఇటూ తిప్పడం, టిల్ట్ అంటే పైకీ కిందకీ. జూమ్ సంగతి నీ ఫోనే చెప్తుంది. ఈ మూడూ ఎక్కడో ఓ గదిలో కూర్చుని జాయ్‌స్టిక్‌తో చేస్తే అది రిమోట్ కెమెరా. అయిపోయింది. ఇప్పుడంటే నెట్‌లో లైవ్ పెడుతున్నారు, అప్పుడు టీవీలోనే. పని అదే. దీనికి ఇంత దూరం రావడమెందుకు, మీ తాత ఉండుంటే... ఆఁ, తెలుసు, నువ్వు పుట్టకముందే పోయాడు. మీ అమ్మమ్మ చెప్పే ఉంటుందిలే ఆయన గురించి. ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్తుంది.

మేమంతా ఆయన్ని రాయి అనేవాళ్లం. కెమెరా వెనక నిలబడ్డాడంటే గంటలకి గంటలు కదిలేవాడు కాదు. మేకప్ ఆవిడ ఓసారి దగ్గరికెళ్లి, 'అన్నయ్యగారూ, ఊపిరి తీసుకుంటున్నారా' అని అడిగొచ్చింది. నాది స్విచ్చర్ దగ్గర కుర్చీ. అంటే ఏంటంటే, అన్ని కెమెరాల బొమ్మలూ నా ముందు చిన్న చిన్న తెరల మీద ఉంటాయి. జనం ఏది చూడాలో ఆ బటన్ నేను నొక్కుతా. నొక్కగానే అది బయటికెళ్తుంది, ఆ కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతుంది. టాలీ అంటే అదే, రాసుకో. ఎర్రదీపం ఉన్నంతసేపూ షాట్ చెదరకూడదు. నేను ఇంకో కెమెరాకి మారాక హెడ్‌సెట్‌లో చెప్తా, 'మూడు వదిలేశా' అని. అప్పుడు మూడో కెమెరావాడు హమ్మయ్య అనుకుని ఇంకో షాట్‌కి తిప్పుకుంటాడు. ఈ మాట నీ కాగితంలో ఉండదు, ఏ పుస్తకంలోనూ ఉండదు. మా గదిలో పుట్టిన మాట. రోజుకి రెండొందల సార్లు అనేవాణ్ని. ఇంట్లో భోంచేసి లేస్తూ కూడా నోరు జారి అనేవాణ్ని. 'కంచం నాకేశారు, ఇంకేం వదిలేశారు' అనేది మా ఆవిడ, మీ పిన్నమ్మమ్మ.

ఏం చెప్తున్నా? ఆఁ, చెయ్యి. యాభై దాటాక మీ తాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. మీ అమ్మమ్మకంటే నాకే ముందు తెలిసింది. దగ్గర షాట్ పెడితే మనిషి మొహం సన్నగా అదిరేది మరి. క్యాంటీన్‌లో టీ ఎడంచేత్తో తాగుతున్నాడు. ఏంట్రా అని అడిగితే, 'ఎవరితో అనకురా. పిల్ల చదువు అయిందాకా ఎలాగోలా నెట్టుకొస్తా' అన్నాడు. పిల్లంటే మీ అమ్మే. నేనేం చేశా, మొహాలన్నీ మిగతావాళ్లకిచ్చి, ఆయనకి దూరం షాట్లే ఇస్తూ వచ్చా. మూడేళ్లు. ఒక్కడికి అనుమానం రాలేదు. ఈలోగా రిమోట్ కెమెరాలు దిగాయి. నలుగురి పని ఒక్కడే చేస్తాడు, ఇక మన బతుకులు ఇంతేనని అందరూ గోల. మీ తాత మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఎందుకంటే ప్రీసెట్. షాట్ తీరిగ్గా సరిచేసుకుని ఓ నంబరు కింద దాచుకుంటే, తర్వాత ఆ నంబరు నొక్కగానే కెమెరా తనంతట తనే వెళ్లి అక్కడ ఆగుతుంది. చేతి వణుకుతో పనే లేదు. సభకి మూడు గంటలు ముందొచ్చి, ఎవరూ లేని హాల్లో ఖాళీ కుర్చీలకి షాట్లు పెట్టుకునేవాడు. మళ్లీ రాయి అయిపోయాడు. ఒక్కటే చెడ్డ అలవాటు. జాయ్‌స్టిక్ పక్కన కూడా ఎర్రదీపం ఉండేది, దాని వంక చూసేవాడు కాదు. 'దాంతో నాకేం పనిరా, నీ గొంతు వినపడుతోందిగా' అనేవాడు.

అలా రెండేళ్లు బాగానే గడిచింది. ఓ రోజు పట్టాలిచ్చే సభ, లైవ్. బంగారు పతకం వచ్చిన ఓ అమ్మాయి అంతకు నెల ముందే పోయింది. వాళ్ల నాన్న వచ్చాడు తీసుకోవడానికి. బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. పతకం చేతికిస్తే ఏం చెయ్యాలో తెలియక, చొక్కా జేబులో వేసుకుని జేబు గుండీ పెట్టుకున్నాడు. మీ తాత నడిపే మూడో కెమెరా ఆ తండ్రి మొహం మీద ఉంది, ఎంత చక్కటి షాటో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక రెండుకి మారదామనుకున్నా. వేలు బటన్ మీద పెట్టా. 'మూడు వదిలేశా' అన్నా. అన్నానే గానీ నొక్కలేదు తల్లీ. నోరు ముందు పోయింది. మీ తాత నా మాట విని తర్వాతి షాట్ నంబరు నొక్కాడు. ఆ తండ్రి మొహం మీంచి కెమెరా సర్రున జారి, స్టేజీ తెర మీదుగా, పూలకుండీల మీదుగా వెళ్లి బయటికెళ్లే తలుపు మీద ఆగింది. ఊరంతా చూసింది.

మర్నాడు మేనేజరు గదిలో పంచాయితీ. టేపు వేశారు. టేపులో బొమ్మ ఉంటుంది, సభలో మాటలుంటాయి, మా హెడ్‌సెట్‌లో మాటలుండవు. 'లైవ్‌లో ఉన్న కెమెరాని తిప్పుతారటయ్యా ఎవరైనా? అంత పెద్ద సర్వీసు పెట్టుకుని?' అంటాడాయన. మీ తాత ఒక్క ముక్క అంటే సరిపోయేది, వీడు వదిలేశా అన్నాడు సార్ అని. నావైపు చూశాడు. నేను బల్ల చూస్తూ కూర్చున్నా. నా వంతు మాట నేను అనాలిగా, అనలేదు. భయమేసింది, అంతకంటే ఏం లేదు. అప్పుడాయన కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. అన్నేళ్లు దాచుకున్న చెయ్యి. 'చూడండి సార్, ఆగదు. అదే బటన్‌కి తగిలింది' అన్నాడు. అది అలా వణుకుతూనే ఉంది, అందరూ చూస్తూనే ఉన్నారు. మేనేజరు గొంతు మెత్తబడింది. నెల తిరక్కుండా ఇంటికి పంపేశారు. మెట్ల దగ్గర పట్టుకుని, ఎందుకురా అలా అన్నావ్ అన్నా. 'మూడేళ్లు నువ్వు దాచావుగా' అన్నాడు.

నేను ఆ కుర్చీలో ఇంకో పదకొండేళ్లు చేశా. సన్మానం కూడా చేశారు. మీ అమ్మ ఆఖరి ఏడాది పరీక్షలు రాయలేదు, తెలుసా నీకు? ఇల్లు గడవాలని పనికెళ్లింది. చెయ్యే ఆయన కొంప ముంచిందని మీ అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది, నా ఎదురుగానే అంటుంది, నాకు కాఫీ ఇస్తూ అంటుంది. చెయ్యి కాదమ్మా. ఆయన చెయ్యి ఆ రోజు ఏ తప్పూ చెయ్యలేదు. నేను చెప్పిందే చేసింది.

ఆ కిటికీ కాస్త మూసెయ్. దుమ్మొస్తోంది.