వెనక్కి తీసుకోవలసిన సాక్ష్యం

సభాధ్యక్షులు డాక్టర్ మార్కండేయులు గారికి, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ షాహిస్తా గారికి, ఆసుపత్రి పెద్దలకు, నర్సమ్మలకు, నాలాగే రోగుల తరఫున వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నవారికి ప్రేమదాసు వందనాలు.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. మా ప్రార్థన పందిట్లో అయితే మైకు సరిచేసుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. (నవ్వులు) నేను బైబిలు కాలేజీకి వెళ్లినవాణ్ణి కాను. వినుకొండ దగ్గర రెండెకరాల మిరప వేసుకుంటూ, గట్టు మీద కూర్చుని కూడబలుక్కుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఆదివారాలు బోధిస్తున్నాను. నా గొంతు పెద్దది. ఆ గొంతు చేసిన పని ఒకటి చెప్పడానికే వచ్చాను.

నా కూతురు క్రిస్టీనా అదిగో, ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చుంది. పదిహేడో ఏట నుంచి దానికి నెలసరి వచ్చిందంటే నొప్పితో మూడు రోజులు మంచం దిగేది కాదు. రెండుసార్లు పొట్ట మీద స్కానింగ్ తీయించాను, ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నాకు ఒకటే తోచింది: పిల్లకు విశ్వాసం చాల్లేదని. ఇరవయ్యొక్క రోజులు ఉపవాసం ఉంచి, నూనె రాసి ప్రార్థన చేశాను. ఆ నెల నొప్పి తగ్గిందంది. ఆ ఆదివారమే పందిట్లో నిలబెట్టి, మైకు చేతికిచ్చి, స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పించాను. మూడు వందల మంది హల్లెలూయ అన్నారు. అది విని చుట్టుపక్కల ఊళ్ల నుంచి తల్లులు కూతుళ్లను తీసుకొచ్చారు. ఆ పిల్లల నుదుట కూడా నూనె రాశాను.

తర్వాత నాలుగేళ్లు క్రిస్టీనా నొప్పి అనే మాట ఎత్తలేదు. పోయినేడాది మార్చిలో, కల్లంలో కాయలు తిరగేస్తూ తిరగేస్తూ ఆ ఎండుమిరపకాయల మీదే బోర్లా పడిపోయింది. కళ్లలో కారం పడింది. అయినా అరవలేదు, చున్నీ నోట్లో కుక్కుకుని ఉంది. అరవకుండా ఉండటం నా బిడ్డకు ఎంత అలవాటైపోయిందో అప్పుడు చూశాను. మంచినీళ్లు ఇప్పించండి.

గుంటూరు, ఈ ఆసుపత్రికే తీసుకొచ్చాం. ఎంఆర్ఐ తీయాలన్నారు. అక్కడ పనిచేసే నజీర్ గారు ఒంటి మీద లోహం ఉండకూడదని పిన్నులూ పట్టీలూ, బాప్తిస్మం నాడు నేను వేసిన సిలువ గొలుసూ తీయించి నా చేతిలో పెట్టారు. సిలువ కూడానా అని లేచాను. “అయస్కాంతానికి మతం తెలీదండీ పాస్టరు గారూ” అన్నారాయన. (నవ్వులు) నవ్వండి, ఇప్పుడైతే నాకూ నవ్వు వస్తుంది.

నొప్పి ఎన్నాళ్ల నుంచని, ఆ స్కానింగ్ బొమ్మలు చూసి చెప్పే డాక్టరు షాహిస్తా గారు నన్నడిగారు. నెల రోజులేనండీ, అంతకుముందుది ప్రార్థనతో పోయిందన్నాను. కాసేపటికి ఆవిడ ఒక కాగితం పట్టుకుని బయటికొచ్చారు. లోపలికి వెళ్లేముందు పిల్ల నింపిన కాగితం. “మీరు నెలన్నారు. అమ్మాయి ఏడేళ్లని రాసింది. మధ్యలో ఒక్క నెల మాత్రం తెరిపి ఇచ్చిందట” అన్నారు.

తర్వాత నన్ను కూర్చోబెట్టి బొమ్మ చూపించారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరిగిందనీ, నెలనెలా అక్కడా నెత్తురు చిమ్ముతుంది గాని పోయే దారి ఉండదనీ చెప్పారు. తెల్లగా వెలుగుతున్నది అండాశయంలో గూడుకట్టిన పాత నెత్తురు. నల్లగా చారలు కట్టినచోట గర్భసంచీ పేగూ అతుక్కుపోయాయి. మరి ముందు స్కానింగుల్లో ఏమీ లేదన్నారే అన్నాను. ఆవిడ జవాబు ఈ రోజుకీ నా చెవిలో ఉంది. “వాటిలో ఇది దొరక్కపోవచ్చు. ఒక్కోసారి ఇందులోనూ దొరకదు. బొమ్మలో కనపడనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదండీ. ముందు అమ్మాయి మాట, తర్వాతే మా బొమ్మ.”

ఎందుకు చెప్పలేదే తల్లీ అని క్రిస్టీనాను అడిగాను. “సాక్ష్యం చెప్పాక మళ్లీ నొప్పంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు అవుద్ది కదా నాన్నా” అంది.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. వైద్యుల వల్ల ఆమెకు ఏమీ కాలేదన్న చోట బల్ల గుద్దేవాణ్ణి. ఆ తర్వాతి ముక్క మీద ఏనాడూ నిలవలేదు. జనం తోసుకుంటున్నా ప్రభువు ఆగాడు. వణుకుతూ వచ్చిన ఆ మనిషి జరిగిందంతా చెప్పుకునేదాకా విన్నాడు. నేను ఆగలేదు. నేను మైకు ఇచ్చాను, మాటలూ నేనే ఇచ్చాను.

ఆపరేషన్‌లో ఒక అండాశయం, పేగులో ఒక ముక్క తీసేశారు. ఇప్పుడు నిమ్మళంగానే ఉంది, ఇక్కడే హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. మా పందిట్లోకి మాత్రం రావడం లేదు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఒకటే అడిగింది: “ఏ మైకులో చెప్పించావో ఆ మైకులోనే వెనక్కి తీసుకో.” ఏడాది దాటింది. నేను తీసుకోలేదు. ఇంత గొంతున్నవాణ్ణి, భయపడ్డాను.

షాహిస్తా గారూ, మీరు వెళ్లిపోతున్నారని నజీర్ గారు ఫోన్ చేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కాగితమే. నేను నింపాల్సింది ఇంకా ఖాళీగానే ఉంది. నా కూతురికి ఆ రోజు స్వస్థత కలగలేదు. చెప్పించింది నేను. ఈ మాట మొదటిసారి పైకి అంటున్నాను. అయితే ఇది ఆ మైకు కాదు. ఆ మైకు మా ఊళ్లో ఉంది. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి అక్కడ నిలబడి ఇదే చెబుతాను. నేను నూనె రాసిన ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి, ఆసుపత్రికి తీసుకెళ్లమని కూడా చెబుతాను.

క్రిస్టీనా, నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. రాకపోయినా చెబుతాను.

డాక్టరమ్మా, నా బిడ్డ మాట నాకంటే ముందు విన్నారు. మీకు రుణపడి ఉంటాను. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. తొమ్మిదింటి సంగతి మనసులో పెట్టుకుని వెళ్తున్నాను, సెలవు.