ఒక కాడ, నాలుగు తలలు

కుప్పం పోలీసు స్టేషన్ ఎస్సై గారికి కమలాక్షి తన చేత్తో రాసి ఇస్తున్న వాంగ్మూలం.

నిన్న రైటర్ గారు అడిగినప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. నా గొంతు చిన్నది. ఆయన మాటిమాటికీ "గట్టిగా చెప్పమ్మా" అన్నారు. గట్టిగా చెబితే వరండాలో కూర్చున్న గౌరమ్మకు వినబడుతుంది. రాసుకున్నది చివర్లో చదివి వినిపిస్తామని కూడా అన్నారు. అందుకే తెల్లకాగితాలు అడిగి తీసుకున్నాను. ఈ ఉదయం దీపం పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను.

నా వయసు యాభై. భర్త పేరు వెంకటరమణ. పదో తరగతి వరకు చదివాను. మదనపల్లెలో మాకు చిన్న పూలతోట ఉంది. గుళ్లకు మాలలు కట్టి ఇవ్వడం నా పని. గౌరమ్మ నా పిన్నమ్మ కూతురు, గుడుపల్లెలో ఉంటుంది. గాయపడిన రంగప్ప ఆమె భర్త. మీరు తీసుకొచ్చి కూర్చోబెట్టిన కుప్పుస్వామి ఆచారిది పుంగనూరు, కొలిమి పని. రంగప్ప కాలి మీద పడిన పారను చేసింది ఆయన. చేయించింది నేను.

అది ఎలా పుట్టిందో చెప్పాలి. 1997లో నాకు నడుము నొప్పి పట్టింది. తొలికతో కలుపు తీయాలంటే వంగాలి, వంగితే లేవలేను. ఆ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం అయ్యాక కలశం మీది అమ్మవారి ముఖాన్ని తీసి పట్టుగుడ్డలో చుట్టాను. మధ్యాహ్నం చామంతి మడి గట్టు మీద కొంచెం కళ్లు మూసుకున్నాను. నిద్ర కాదు. గాలి వీస్తూ ఉంది, పూల వాసన వస్తూ ఉంది. సాళ్ల మధ్య ఒక కట్టె దానంతట అదే నడిచి పోతూ ఉంది. కలుపు దగ్గర దానికి తొలిక ముఖం, మట్టి చదును చేసేచోట దంతె ముఖం, పాదుల దగ్గర పార ముఖం. ఒకటే కాడ. ముఖాలు మాత్రం మారుతున్నాయి. కళ్లు తెరిచాక కూడా అది నడుస్తూనే ఉన్నట్టు అనిపించింది.

పుంగనూరు పోయి ఆ సంగతి కుప్పుస్వామికి చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టి నవ్వాడు.

"కమలాక్షమ్మా, ఇది పనిముట్టా, పగటి వేషగాడా? పూటకొక మొగం మారస్తాండాదే."

"వేషగాడే అనుకో అప్పా. చేస్తావా?"

"చేస్తా. ఆడేటప్పుడు మొగం ఊడి జనంలో పడకుండా సూసుకోవాల గదా."

అది ఊడకుండా చేయడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. సవుకు కట్టె కొనకు ఇనుప మొల. ప్రతి తలకూ అడుగు మూసిన ఒక గొట్టం. మొల గొట్టంలో చివరిదాకా పోవాలి. అప్పుడు రెండింటి బెజ్జాలూ కలుస్తాయి, అడ్డంగా సీల వేయాలి. నిలబడి చేసేవాళ్లకు ఒక వాలు, కూర్చుని చేసేవాళ్లకు ఒక వాలు వచ్చేలా తలను తిప్పుకోవచ్చు. తొలిక, దంతె, చిన్న పార, కొమ్మలు వంచే కొక్కి, ఇవీ నాలుగు తలలు. తీసుకున్న ప్రతివాళ్లకూ ఆయన ఒకే మాట చెప్పేవాడు. "సీల వేలితో పడాల. రాయి కావాల్సొస్తే యాడో తప్పుండాదని."

ఈ దసరాకు, అంటే 2003లో, నేను గుడుపల్లె వచ్చాను. ఒక కాడ, నాలుగు తలలు గౌరమ్మకు ఇచ్చాను. ఆయుధపూజ నాడు ఆమె తలలన్నీ ఊడదీసి కడిగింది. అరిటాకు మీద వరసగా పడుకోబెట్టింది. కాడను గోడకు ఆనించింది. తలపాగా తీసి నిలబడిన మనిషిలా ఉంది ఆ కాడ. తలలు పడుకున్న పసిబిడ్డల్లా ఉన్నాయి. గౌరమ్మ అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టింది. గొట్టాల దగ్గర ఆగింది.

"అక్కా, నోళ్లు తెరుచుకొనుండాయి సూడు. ఖాళీ నోటితో పెడితే బాగుండదు."

గంధం, పసుపు గట్టిగా కలిపి ఒక్కో గొట్టంలో వేలితో కూరింది. మీద చామంతి రేకలు అద్దింది. దేవుడికి బువ్వ పెట్టినట్టే చేసింది. నేను చేతులు జోడించాను. మామూలు పారకు కాడ ఎప్పుడూ లోపలే ఉంటుంది, అక్కడ ఎవరూ బొట్టు పెట్టరు. ఊడే పారకు ఆ చోటు కూడా కనబడుతుంది. కనబడినదానికి మావాళ్లు బొట్టు పెడతారు. ఈ సంగతి కుప్పుస్వామికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

దసరా మరుసటి రోజు, సోమవారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు, రంగప్ప టమాటా తోటలో పాదులు చేయడానికి పార తల తీసుకున్నాడు. పైన ఉన్న కుంకుమ తుడవబోయి తువ్వాలు తీశాడు.

"తుడవగాకు," అంది గౌరమ్మ. "అమ్మవారి పసుపు పనిలో పోవాల, గుడ్డతో పోకూడదు."

"సరే తల్లీ, నీ అమ్మవారికి కోపమొస్తే నాకు గంజి దొరకదు," అని ఆయన నవ్వి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

అప్పటికి గొట్టం లోపలి గంధం, పసుపు ఎండి రాయిలా అయింది. మొల చివరిదాకా పోలేదు. బెజ్జాలు సగమే కలిశాయి. సీల వేలితో పడలేదు. రంగప్ప రాయితో తట్టాడు. సగం పట్టింది. నేను గట్టు మీద పూలు కోస్తూ చూశాను. చూశాను కానీ, పట్టిందనే అనుకున్నాను. రెండో మూడో దెబ్బకు తల జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

నాసిరకం పని చేశాడని రంగప్ప కుప్పుస్వామి మీద ఫిర్యాదు ఇచ్చాడు. బాధలో ఇచ్చాడు, ఆయనను నేను తప్పు పట్టను. ఇప్పుడు కుప్పుస్వామిని కోర్టుకు పంపుతామని అంటున్నారు. శిక్ష పడితే ఆ కొలిమి మళ్లీ వెలగదు.

కుప్పుస్వామికి నిజం తెలుసు. నిన్న కానిస్టేబుల్ గారు పార తల చూపించినప్పుడు ఆయన గొట్టంలోకి ఒకసారి చూసి, తలను బోర్లా పెట్టేశాడు. నేను పక్కకు పోయి అడిగాను.

"సూసినావు గదా. యాల చెప్పవు?"

"ఆయమ్మ ఏడస్తాండాది సూడమ్మా. మొగుడి కాలు తన పసుపుతోనే పోయిందని తెలిస్తే ఇంగ దీపం ముట్టించదు. నా పని మీద అన్నారనుకో, నాలుగు రోజులు తిట్టుకుంటారు."

"కేసయ్యా ఇది."

ఆయన నేల మీద వేలితో గొట్టం బొమ్మ గీశాడు. "కింద గూడా తెరిచి పెట్టుంటే సరిపోయుండు," అన్నాడు. "ఏం కూరినా మొల తోసేస్తాది, కిందికి రాలిపోతాది. బొట్టు పెట్టేవాళ్లను మార్చలేము. గొట్టాన్ని మార్చుకోవాల."

అంత కష్టంలోనూ ఆయన ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. నాకు కూడా చుట్టూ గోడలు లేనట్టు అనిపించింది. సాళ్ల మధ్య ఆ కట్టె మళ్లీ నడుస్తూ కనబడింది.

అయ్యా, మీ దగ్గర ఉన్న పార తలను ఎండకు ఎత్తి లోపలికి చూడండి. ఎండిన పసుపు, దానికి అంటిన చామంతి రేక కనబడతాయి. మిగతా మూడు తలలను కడగకుండా గుడ్డసంచిలో తెచ్చి దీనితో ఇస్తున్నాను. వాటిలోనూ అదే ఉంది. మరొకరు వాడకముందే తెచ్చేశాను. ఇవి చూసి కుప్పుస్వామి ఆచారిని ఇంటికి పంపమని వేడుకుంటున్నాను.

ఇందులో రాసింది నేను కళ్లతో చూసిందీ, చెవులతో విన్నదీ. ఎవరి బలవంతమూ లేదు. నేను రోజూ దీపం పెట్టే దేవుడి ముందు ఇదే మాట మళ్లీ చెప్పగలను.

ఒక్క మనవి. రంగప్ప అడిగితే సీల సరిగా పడలేదని చెప్పండి. అది అబద్ధం కాదు. ఈ కాగితాలను ఫైల్లో భద్రంగా ఉంచండి, వాళ్లింట్లో ఎవరికీ చూపించవద్దు. గౌరమ్మకు చదవడం వచ్చు. నేనే నేర్పించాను.

ఇట్లు,
(సంతకం) కమలాక్షి
కుప్పం