వన్ బై టూ సూపు

హలో… ఆ, నేనే. గద్వాల కిరాణా నాగప్పనే. సామ్యూలేనా?… హమ్మయ్య. బతికించినవ్ తమ్ముడూ.

…అవు, పొద్దటి సంది నేనే చేస్తున్న. ఎన్నిసార్లు చేసిన్నో లెక్క లేదు. లెక్క లేదని నేనంటున్ననంటే చూడు, నా గతి ఎట్లయిందో.

…ఆగాగు, ఫోన్ పెట్టకు! అమ్రాబాద్ అడవిల నువ్వు మళ్ళ దొరకవ్. సిగ్నల్ యాడ మంచిగుంటే ఆడనే నిలబడు… బండ మీదికెక్కినవా? మంచిది. నేను చెప్పేదాక ఆ బండ దిగకు. నీ కాళ్ళు మొక్కుత.

…గుర్తు పట్టినవా?… ఆ, ఆ. వనపర్తిల మీ హోటల్‌కు ప్రతి అమావాస్యకు వస్తుంటిమి, నేను, మా రేణుక. కిటికీ పక్క బల్ల. సూపు వన్ బై టూ చెప్పేటోన్ని… నవ్వకు. ఒక్క సూపు రెండు గిన్నెలల్ల పోపిచ్చుకుంటే తప్పేంది? వ్యాపారస్తున్ని, కడుపు నిండేదాని మీద పెడత గని నీళ్ల మీద పెడ్తనా.

…రేణుకకే బాగలేదు. అందుకే చేసిన.

…పెద్ద జబ్బు. కడుపుల గడ్డ. హైదరాబాద్ దవాఖానల మందు ఎక్కిస్తుండ్రు. మొన్ననే ఇంటికి తోలుకొచ్చిన… ఏం తింటలేదు సామ్యూల్. జొన్న రొట్టె, పెరుగన్నం, పాయసం, ఏది పెట్టినా ఇనుము నమిలినట్లుందంటది. పళ్ళెం పక్కకు జరుపుతది, గోడ దిక్కు తిరుగుతది.

…నీకెట్ల చెప్పాలె? పల్లికాయ బస్తా ఎండిన కొద్ది తరుగు పోతది. ఎంత తరుగు పోయిందో కాంటా అక్కర్లే, చేత్తోని లేపితే నాకు తెలుస్తది. నిన్న ఆమెను మంచం మీదికెళ్లి లేపిన… ఇగ చెప్పలేను. లేపిన కొద్ది లేస్తుంది, తమ్ముడూ. బరువే లేదు.

…ఆ, ఉన్న. చెప్పుత.

డాక్టర్ రేపు తోలుకరమ్మన్నడు. అప్పటికన్న నోటితోని ఇంత తినకపోతే ముక్కులకెళ్లి గొట్టం వేస్తడట. వచ్చే మందు కూడ ఆపుతడట. బలం లేని ఒంట్లకు ఎక్కిస్తే మందే మింగుతది అన్నడు… రేణుకనా? గొట్టమైతే దవాఖానకే రానంటుంది. ఇంటికాడనే పోత అంటుంది. అంత తేలికగ అంటుంది, బజారుకు పోయొస్త అన్నట్లు.

పొద్దున బతిమాలిన. ఏం తింటవో చెప్పు, ఏ దేశందైనా తెస్త అన్న. కండ్లు తెరవకనే అన్నది, ‘సామ్యూల్ సూపు’ అని.

…అదే, థాయ్‌లాండ్‌ది. పుల్లపుల్లగ, కారం కారంగ, ముక్కులకెళ్లి నీళ్లు కారేది. వెంటనే బండి తీసుకొని వనపర్తి ఉరికిన. హోటల్‌కు తాళం. బోర్డు కూడ పీకేసిండ్రు. పాన్ డబ్బాయన నీ నంబర్ ఇచ్చి, అడవిల వాళ్ల ఊరికి పోయిండు, వంట నేర్చుకున్న మలేసియాకే మళ్ళ పోతడేమో అన్నడు. ఆడనే నిలబడి నీకు ఫోన్ కొట్టుడు మొదలుపెట్టిన.

…నువ్వు వస్తవా? నీ మనసు మంచిది. గని ఆ అడవికెళ్లి గద్వాల చేరేసరికి రాత్రైతది. అప్పటిదాక ఆమెకు ఆశ ఉంటదో ఉండదో. నువ్వు చెప్పు, నేను వండుత.

…నేనే. ఇంకెవరు? గరిటె పట్టుడు రాదు, నిజమే. నేర్పు. డాక్టర్‌ను కూడ అడిగిన. మరిగించింది, వేడిది, ఏదైనా పెట్టు, లోపలికి పోతే చాలన్నడు.

…ఒకసారి చేసిన. ఫోన్ల వీడియో చూసి చేసిన. ఒక్క చెంచా తాగి ఏమన్నదో తెలుసా? ‘థాయ్‌లాండ్ యాడిది, ఇది వనపర్తి దాక కూడ పోలే’ అన్నది. ఆ పరాచికానికే నాకు పానం లేసొచ్చింది. మందు మొదలైనంక ఆమె నోట్లకెళ్లి పరాచికం రాలే.

…రాసుకుంట, చెప్పు… నిమ్మగడ్డి ఉంది. నర్సరీల కుండీతోనే తెచ్చిన… పుట్టగొడుగులున్నయి… ఆకులా? నిమ్మాకు కాదా?… దబ్బాకైతే దొరుకుతది, వెనక గల్లీల చెట్టుంది… ఇగ?… గలంగా? అదేంది?

…అల్లమే వేసిన గద… అల్లం కాదా? అల్లానికి చుట్టమా?… పైన ఎర్రగ, గట్టిగ… మిరియం, కర్పూరం కలిపిన వాసన… ఆగాగు. దగ్గొస్తే బుగ్గన పెట్టుకునేదేనా?… అది దుంపరాష్ట్రం తమ్ముడూ! నా దుకాణంల మందు దినుసుల అరలనే ఉంది. మా నాయన కాలం సంది పొట్లాలు కట్టి అమ్ముతున్నం. దగ్గుకనుకున్నం గని దాంతోని దేశాలు సూపు కాసుకుంటున్నయని నాకేమెరుక?

…తెచ్చిన, దుకాణం ఇంటి ముందటనే. ఎండుదే. వేడినీళ్లల్ల నానేయాల్నా? వేస్తున్న. పొయ్యి కాడనే ఉన్న… నానేదాక మాట్లాడు. లైన్ మాత్రం కట్ చేయకు. ఖాళీగ నిలబడితే నాకు భయమైతుంది.

…అవు, జపాన్‌ది. అన్నం చాపల చుట్టి ముక్కలు కోసినవ్ గద. సల్లటి అన్నం తినుటానికి ఇంత దూరమొచ్చినమా అని నేను గొణిగితే ఆమె పక్కనున్న ఆ పచ్చటి ఘాటు ముద్ద నా నోట్ల పెట్టింది. నెత్తి పేలిపోయింది. నువ్వు వంటింట్లకెళ్లి ఉరికొచ్చినవ్ నీళ్లు పట్టుకొని… కొరియా సేమియా తిన్ననాడు కట్టెపుల్లలతోని తింటనని మొండికేసింది. ఒక్కొక్క పోగు. మీ హోటల్ మూసే యాళ్ల దాక తిన్నది.

అమావాస్యకు మార్కెట్ యార్డు బంద్, దుకాణం బంద్. పొద్దున్నే లేసి అడిగేది, ‘ఈ నెల ఏ దేశం?’ అని. ఈ జబ్బు రాకముందు మేం ఇద్దరం కర్నూలు దాటి ఎరుగం. గని వనపర్తిల ఆ కిటికీ పక్క కూసొని దేశాలన్ని తిరిగొచ్చినం. నేను లోపల ఖర్చు లెక్క కట్టుకుంట తింటుంటి. అది మిగులు అని అప్పుడు తెల్వలే సామ్యూల్. ఖర్చుల రాసుకున్న.

…నానింది. మెత్తబడింది. దబ్బాకు తెంపుకొచ్చిన, మిరపకాయలు కాల్చిన, ఎల్లిగడ్డ దంచిన. ఇగ?

…ఇంకేం కావాలె?

…సామ్యూల్? లైన్ల ఉన్నవా? బండ దిగినవా ఏంది?… మరి చెప్పుటానికేంది?

…నాకు కోపమెందుకొస్తది. కోపం తెచ్చుకునే స్థితిల ఉన్ననా నేను? చెప్పు.

…ఏంది?

…ఎండు రొయ్యలా?

…రేణుక తాగిన దాంట్లనా?

…ఏం మాట్లాడుతున్నవ్ రా! మేం లింగాయతులం. మా ఇంట్ల కోడిగుడ్డు పేరు కూడ తీయరు. వచ్చిన ప్రతిసారి బల్ల కొట్టి చెప్పేటోన్ని గద, మాది శాకాహారం, చూసి చెయ్యి అని! నువ్వు తలకాయ ఊపేటోనివి గద!

…ఆమెకు తెలుసా?

…ఆమెనే చెప్పిందా?

…మొదటిసారి పక్క బల్లోళ్ల గిన్నె తప్పి వచ్చిందా… సగం తాగినంక రొయ్య తగిలిందా. మరి లేవలేదేంది? నేను ఎదురుంగనే ఉంటి… చేతులు కడుక్కుంటనని వంటింటి తలుపు కాడికొచ్చింది. ఆ… ఏమన్నది?

…మళ్ళ చెప్పు.

…‘నాకు ఇగ ఇట్లనే చెయ్యి. ఆయన గిన్నెల మాత్రం పడనియ్యకు. గరిటె కూడ కలపకు’.

…అంటే నాది వేరే కాచేటోనివా? ఒక్క సూపు చెప్తే రెండు పొయ్యిలు పెట్టేటోనివా?

…

నేను ఒక్కటే సూపు పంచుకుంటున్నమనుకున్న.

…లే. ఏం లే. ఉన్న, ఉన్న. జర ఆగు.

…అది లేకుంటే కాదా?… పొద్దటి లెక్కనే అయితదా. మళ్ళ పళ్ళెం జరుపుతది. మళ్ళ గోడ దిక్కు తిరుగుతది… అవు, నిజమే. నువ్వు చెప్పకపోయినా నాకెరుకనే.

…ఏం ఆలోచిస్త. తక్కెడల పెట్టి చూస్తున్న. ఒక దిక్కు మెడల లింగం ఉంది. ఒక దిక్కు రేపటి గొట్టం ఉంది… అయిపోయింది. తూగింది. ఎన్ని వేయాలె, చెప్పు.

…గుప్పెడా. యాడికెళ్లి అంటే… మా పక్కింటి ఎస్తేరు తాన ఉంటయి. వాళ్ల చుట్టాలు కొల్లాపూర్‌ల కృష్ణల చేపలు పడ్తరు. పోయిన ఎండకాలం ఆమె ఎండుచేపలు ఆరబోస్తే వాసనని మా అవ్వ లొల్లి పెట్టింది. నేను గోడ ఎత్తు చేయించిన. ఇప్పుడు ఆ గోడ మీదికెళ్లే అడగాలె… వాకిలి దిక్కు పోరాదు. అవ్వ ఆడనే కూసొని జపం చేస్తుంది.

…అందుతలేదు. మంచిగనే కట్టిండు మేస్త్రి. నూనె డబ్బా ఎక్కుతున్న. నువ్వు బండ మీద, నేను డబ్బా మీద.

ఎస్తేరమ్మా! ఓ ఎస్తేరమ్మా!… ఇటు, మీదికి చూడు. నేనే, నాగప్పను… మెల్లగ మాట్లాడు. ఎండు రొయ్యలున్నయా?… సరిగనే విన్నవ్. రొయ్యలు… నాకు కాదు తల్లీ, మా రేణుకకు. ఆమె నోరు దాన్నే అడుగుతుంది… నవ్వు, తర్వాత ఎంతసేపైనా నవ్వు, ముందైతే ఇయ్యి… గోడనా? తీయిస్త. లింగం మీద ఒట్టు… ఆ, ఇయాల గా ఒట్టు మీద నమ్మకం లేదా. సరే, మేస్త్రినే పంపుత.

…సామ్యూల్, దొరికినయి. డబ్బా మొత్తం ఇచ్చింది. తిట్టే తిట్టింది, ఇచ్చుడు ఇచ్చింది. చెప్పు.

…నూనె లేకుండ వేయించాల్నా. వేయిస్తున్న… అబ్బ, వాసన… ఏం లే. అలవాటు లేదు… దంచిన. నీళ్లల్ల వేసిన. దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, దబ్బాకు… మరుగుతుంది. రంగు వచ్చింది, అదే రంగు… నిమ్మరసం ఇప్పుడు పిండాల్నా?… పొయ్యి ఆర్పినంకనా? నేను పొద్దున మరిగించిన. చేదు అందుకే వచ్చింది.

…జరాగు. అవ్వ వస్తుంది.

…అవు అవ్వా. అదే వాసన. రొయ్యలు… మన పొయ్యి మీదనే… నీ కోడలికి. నేనే తెచ్చిన, నేనే వండిన, పాపమంటే నా పేరున రాయి… గిన్నె పారేస్త. పొయ్యి మారుస్త. జంగమయ్యను పిలిచి ఏం చేయమంటే అది చేస్త. ఇప్పుడు మాత్రం అడ్డం నిలబడకు. నీకు చేతులు జోడిస్త… రెండు దినాల సంది ఆమె కడుపుల నీళ్లు తప్ప ఏం లేదని నీకెరుక లేదా?

…

…ఉన్న సామ్యూల్. అవ్వ పోయింది… దేవుని అర్ర తలుపు దగ్గరేసింది. వెనక కిటికీ తెరిచింది… గంతే.

గిన్నెల పోసిన. ఫోన్ చెవి కాడ ఇరికించుకున్న. నువ్వు లైన్లనే ఉండు.

రేణుకా. జర లే. దిండుకు ఆనుకో… మెల్లగ… కండ్లు తెరువు.

…వాసన చూస్తుంది సామ్యూల్.

…నా దిక్కు చూస్తుంది.

అవునే. వేసిన. సామ్యూల్ చెప్పిండు, అంతా చెప్పిండు… ఏం అనను. ఏమనాలె? ముందు తాగు. తాగినంక కొట్లాడుదాం. కొట్లాడే బలమన్న వస్తది.

…చెంచా పట్టింది. తనే పట్టింది, నేను పట్టియ్యలే… మింగింది… ఇంకోటి… ఆగింది.

ఏమైందే? ఇనుమేనా? కక్కొస్తుందా?… ఏంది?… వినపడలే, మళ్ళ చెప్పు.

…

సామ్యూల్! ఉప్పు తక్కువైందట! ఉప్పు తక్కువైందని అంటుంది!… ఆ, నోటికి తెలిసింది! తెలిసే అంటుంది!

…లే, నువ్వు చెప్పినంతే వేసిన. నాకు తూకం తప్పుతదా? రేణుకా, ఎట్ల తక్కువైతదే? ఏదీ, ఆ చెంచా ఇటు తే…

…

…అవు. తక్కువే. చిటికెడంత.

…

ఏందే, నా నోటి దిక్కు గట్ల చూస్తవ్?

…ఆ?

…

తాగిన. అవు… రొయ్యలదే తాగిన గద. ఇప్పుడేం చేస్త, లోపలికి పోయింది.

ఏడుస్తవేందే?… నవ్వుతుందో, ఏడుస్తుందో తెలుస్తలేదు సామ్యూల్. ఇంకో గిన్నె తెమ్మంటుంది… తనకు కాదట. నాకట. వన్ బై టూ అంటుంది.

…పెట్టేస్త మరి. ఉప్పు డబ్బా అందుకోవాలె, చెయ్యి ఖాళీ లేదు… నువ్వు ఇగ బండ దిగు తమ్ముడూ. పైలం. జారకుండ దిగు.