కింద పాట, పైన మంట

“అందుకే అడుగుతున్నా అక్కా, తలుపు మూసి మరీ అడుగుతున్నా. ఆ ఫోను చేసింది నువ్వేనా?”

శుక్రవారం సాయంత్రం. కింద చిన్నకోడలి పబ్బు, పైన పెద్దకోడలి ఇల్లు. పైయింటి వంటగదిలో తోడికోడళ్లిద్దరే ఉన్నారు. పెద్దకోడలి చేతులు పాలగిన్నె మీద ఉన్నా, చెవులు మాత్రం మెట్ల మీద ఉన్నాయి.

“ఏ ఫోను?”

“ఏ ఫోనంటావేంటక్కా! మునిసిపాలిటీకి వెళ్లిన ఫోను. కింద పాటలు అర్ధరాత్రిదాకా మోగుతున్నాయి, పైన నిద్రల్లేవు అని. ఆడగొంతట. ఈ మేడలోంచేనట. పేరు మాత్రం ఆఫీసువాళ్లు చెప్పరట.”

“అయితే నన్నెందుకడుగుతావ్? ఆడగొంతు నాకొక్కదానికే ఉందా? ఎదురుగా దర్జీ పెళ్లాం లేదూ? ఆవిడది గొంతు కూడా కాదు, సైరను.”

“ఆవిడది ఎదురు మేడ. ఈ మేడలో పైన ఉన్నది మీరే. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోకు.”

“నేనేం తడుముకోలేదు. పాలు పొంగుతాయేమోనని చూస్తున్నా.”

“పొయ్యి వెలిగించలేదక్కా.”

“...వెలిగిస్తున్నా. చెప్పు, ఏమంటాడట ఆఫీసరు?”

“ఇవాళ రాత్రే వస్తాడట. పైన కూర్చుని వింటాడట. ఎక్కువైందనిపిస్తే శుక్రవారం పాటలు బంద్. పాటలు బందైతే నా కొట్లో మిగిలేది నాలుగు కుర్చీలూ, మీ మరిదీ.”

“మరిది ఉన్నాడుగా, చాలదూ?”

“నవ్వకక్కా. వారమంతా ఈగలు తోలుకుంటున్నాం. ఆ ఒక్క రాత్రే కొట్టుకి ఊపిరి. రిబ్బను కత్తిరించింది నీ చేత్తోనే, మర్చిపోయావా?”

“అప్పుడు పాటలన్నావా? కూల్‌డ్రింకులూ, టీవీలో ఆటలూ అన్నావ్. పాటలని తెలిస్తే ఆ కత్తెర కిటికీలోంచి విసిరేసేదాన్ని.”

“అందరితో మాట్లాడుకున్నానక్కా. దర్జీతో మాట్లాడా. పక్క మేడ టీచరుతో మాట్లాడా, పరీక్షల వారం పాటలుండవని మాటిచ్చా. వీధి చివర పసిబిడ్డ ఉన్నవాళ్లకి నా నంబరిచ్చా, బిడ్డ లేచిందంటే ఒక్క రింగివ్వండి, తగ్గించేస్తానని. వీధి వీధంతా ఒప్పుకుంది. సొంత తోడికోడలి దగ్గరే నా తల వంగిపోతోంది. నీకేం కావాలో చెప్పు. పదకొండుకి కాదు, పదిన్నరకే ఆపేస్తా.”

“పదిన్నరకి ఆపితే మాత్రం? ఆ తర్వాత నా కిటికీ కింద నిలబడి ‘మళ్లీ కలుద్దాం, మళ్లీ కలుద్దాం’ అని అరగంట. కలిసే ఉన్నారుగా, మళ్లీ కలిసేదేంటి?”

“అటు పెద్దవీధి వైపు పంపేస్తా. మా ఆయన్ని గుమ్మంలో నిలబెడతా.”

“ఖాళీ సీసాలు పారేసే చప్పుడో?”

“తెల్లారాకే పారేస్తాం.”

“ఆ కిటికీలు?”

“దళసరి తెరలు వేయిస్తా.”

“మరి డ్రమ్ములు? అవి మొదలైతే నా మంచం కోళ్లు నాలుగూ తాళం వేస్తాయి. గుండె ఆగుతుందేమోనని చెయ్యి వేసుకుని పడుకుంటా.”

“డ్రమ్ములు తీసేస్తా, సరేనా? మైకు కూడా తీసేస్తా! ఉత్తి గొంతుతో పాడిస్తా. పైకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా రాదు.”

“ఎవరు పాడతారు?”

“ఎవరేంటి? మన గువ్వే.”

“అదే వద్దంటున్నా.”

“...అంటే చప్పుడు కాదన్నమాట నీ బాధ.”

“చప్పుడే! చప్పుడు కాకపోతే ఏంటి? పైగా దాని పేరు గువ్వ కాదు. తొమ్మిది నెలలు మోసి, నెల రోజులు ఆలోచించి పేరు పెట్టుకున్నా నా కూతురికి. నువ్వో శుక్రవారం మైకులో గువ్వ అన్నావ్. అంతే, ఊరంతా గువ్వ. మొన్నటినుంచి మీ బావగారు కూడా అంటున్నారు.”

“ముద్దుగా అన్నానక్కా.”

“ముద్దులు నీవి, మందులు నావి. జ్వరమొస్తే గువ్వ నా గూటికే వస్తుందిగా!”

“బావగారు పోయినవారం ఎంత మురిసిపోయారో—”

“తెలుసు. గొడవ పెట్టి రమ్మని కిందికి పంపిస్తే చప్పట్లు కొట్టి వచ్చారు. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అడిగితే మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకున్నానన్నారు.”

“నువ్వూ ఒకసారి దిగి రాకూడదూ? పిలిచి పిలిచి నా నోరు పడిపోయింది.”

“వచ్చి ఏం చూడను? మైకు మూతికి ఆనించుకుంటుంది, లోపల ఉండేది కరెంటు కాదూ? షాకు కొడితే? తాగినవాడెవడో సీసా విసిరితే? ఆ ఎత్తు స్టూలు మీంచి పడితే నడుం నిలుస్తుందా? నావల్ల కాదు. పైన కూర్చునే పాట ఆగిన ప్రతిసారీ చచ్చి బతుకుతున్నా, ఏమైందో ఏమోనని.”

“పాట ఆగితే చప్పట్లు కొడతారక్కా, అంతే.”

“పైకి చప్పట్లూ కేకలూ ఒక్కలాగే వినిపిస్తాయి.”

“అందుకేనా చీపురుకర్రతో నేల బాదడం? పైకప్పు సున్నం రాలి గ్లాసుల్లో పడుతోంది.”

“పడనీ.”

“అక్కా, నిజం చెప్పు. నీది చప్పుడు బాధా కాదు, భయమూ కాదు. ఇంకేదో ఉంది.”

“ఏముంటుంది? ఏం లేదు.”

“ఏం లేకపోతే ఆ గుడ్డని అలా పిండవు. అది పొడి గుడ్డ.”

“పన్ను.”

“పన్నేంటి? నీకు పన్ను నొప్పా?”

“నాకు కాదు, దానికి. పోయిన నెల పన్ను పీకించుకుంది. నాకెప్పుడు తెలిసింది? దవడ వాచాక. నీకు ముందే తెలుసు. నువ్వే తీసుకెళ్లావ్. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నదీ నువ్వే.”

“నీకు చెబితే డాక్టరు చేతిలో పటకారు చూసి నువ్వే పడిపోతావని...”

“పడితే పడతా! నా కూతురి పన్నుకి నేను పడకపోతే ఇంకెవరు పడతారు? జుట్టు కత్తిరించుకుంటే నీకు ముందు తెలుస్తుంది. రాత్రి నీ శాలువా కప్పుకుని పడుకుంటుంది. రెండుసార్లు ఉతికా, నీ వాసన పోలేదు. ఇంట్లో ఒక్క పాట పాడవే అంటే ‘గొంతు అలిసిపోయిందమ్మా’ అంటుంది. ఎక్కడ అలిసింది? నీ దగ్గర. తాజా గొంతు నీకూ, అలిసిన గొంతు నాకూనా?”

“దాన్ని నేనేం ఎత్తుకుపోలేదు.”

“ఎత్తుకుపోతే పోలీసులకి చెప్పేదాన్ని. ఇది ఎవరికి చెప్పుకోను?”

“అందుకని మునిసిపాలిటీకి చెప్పుకున్నావా?”

“నీకూ ఓ పిల్ల ఉంటే తెలిసేది.”

“ఏమన్నావక్కా?”

“అలా కాదు చెల్లీ, నేననేది ఏంటంటే—”

“అనేశావుగా. ఎన్నాళ్లనుంచో నోట్లో నానుతున్న మాట, ఇవాళ రాలింది. అవును, నాకు లేదు. అందుకే అది ‘పిన్నీ’ అని వస్తే తలుపు బార్లా తెరుస్తా. నేను మాత్రం ఏం గెలిచాననుకున్నావ్? పాడినంతసేపూ అది నా మొహం చూడదు, పైకప్పు చూస్తుంది. ఎదురుగా చప్పట్లు కొట్టే నేను దానికి ఆనను. పైన కర్ర పట్టుకుని కూర్చున్న నువ్వే కావాలి. నాకు మండదా?”

“...పైకప్పు చూస్తుందా?”

“చూస్తుంది. కడుపు చల్లబడిందా? ఇప్పుడైనా చెప్పు. ఫోను చేసింది నువ్వే కదూ?”

“నేనే.”

“ఎంత తేలిగ్గా అనేశావ్!”

“అవును, నేనే చేశా. ఏం చేసుకుంటావో చేసుకో. ఆఫీసరు వస్తాడు, నా మంచం మీద కూర్చుంటాడు, మంచం ఊగుతుంది, నీ శుక్రవారాలు ఊడతాయి. నా పిల్ల నా ఇంట్లో ఉంటుంది.”

“అదిగో, మెట్ల మీద అడుగులు. గువ్వ బేకరీ పని నుంచి వచ్చేసింది. దాన్నే అడుగుదాం.”

“వద్దు! చెల్లీ, ఈ మాట దాని ముందు ఎత్తావంటే నా మీదొట్టే—”

“రావే గువ్వా, సమయానికొచ్చావ్!”

“ఏంటి పిన్నీ, ఇద్దరూ అలా ఉన్నారు? అమ్మా, పాలు పొంగిపోతున్నాయి!”

“పోనీలే, నువ్వు లోపలికెళ్లి మొహం కడుక్కో తల్లీ. అన్నం పెడతా.”

“ఇప్పుడన్నం వద్దే, కడుపు నిండితే గొంతు లేవదు. కాస్త ఆవిరి పట్టు. ఇవాళ మెల్లగా పాడాలి, పైన ఆఫీసరు కూర్చుంటాడట.”

“ముందు తిననీ దాన్ని!”

“ముందు పాడనీ అక్కా!”

“అమ్మా, పిన్నీ, నేను పడుకోవాలి.”

“పాటలయ్యాక పడుకుందువుగాని.”

“రెండు ముద్దలు తిన్నాక.”

“తెల్లారుజామున మూడింటికల్లా లేచి బేకరీలో పిండి కలపాలి నేను. పోయిన శనివారం బేకరీలో నిలబడే నిద్రపోయా, వేడి పొయ్యి పక్కన. ఇదిగో, చెయ్యి.”

“అయ్యో, అయ్యో! ఇంత కాలిందా? చొక్కా చేతుల కింద దాచుకుని తిరుగుతున్నావా? నీకు చెప్పిందా చెల్లీ?”

“లేదక్కా. నీకు?”

“నాకూ లేదు.”

“ఎలా చెప్పను? నీకు చెబితే పాట మానేయమంటావ్, పిన్నికి చెబితే బేకరీ మానేయమంటుంది. పడుకోవే అని మాత్రం ఎవరూ అనరు.”

“సరేలే, ఇక పాట ఎలాగూ ఉండదు. ఆ ఫిర్యాదు చేసింది మీ అమ్మే. ఇందాకే ఒప్పుకుంది.”

“అమ్మ ఒప్పుకుందా?”

“నువ్వేం మాట్లాడకు, నిన్ను లోపలికెళ్లమన్నానా లేదా!”

“నువ్వెందుకు ఒప్పుకున్నావమ్మా?”

“ఎందుకేంటే, చేసింది కాబట్టి ఒప్పుకుంది.”

“అమ్మకి ఆ ఆఫీసు నంబరే తెలియదు పిన్నీ.”

“మరి ఎవరికి తెలుసే?”

“నాకు. మీ ఇద్దరిలో ఎవరికి వద్దని చెప్పినా రెండోవాళ్లు గెలిచామనుకుంటారని, ఆ ఫోను నేనే చేశాను.”