గ్యాస్ బాబాయి గుమ్మడికాయ గుజ్జు

గ్యాస్ బాబాయికి ఆ పేరు తన వెల్డింగు షాపులోని సిలిండర్ల వల్ల వచ్చిందా, నోట్లోంచి వచ్చే మాటల వల్ల వచ్చిందా అని ఆ వీధిలో ఎవరినడిగినా, రెండింటి వల్లా వచ్చిందని చెబుతారు. ఆ రోజు పొద్దున్న ఏడు కాకముందే ఆయన ఏడు నెలల మనవరాలిని భుజాన వేసుకొచ్చి, బస్టాపు పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. టీ ఇవ్వబోతే వద్దన్నాడు. టీ కూడా వద్దన్నాడంటే చెప్పాల్సింది చాలా ఉందన్నమాట.

పది అడుగుల అవతల, స్తంభం పక్కన ఆయన కూతురు నిలబడి ఉంది. రేవులో క్రేను నడుపుతుంది. కాన్పుకి పెట్టిన సెలవు నిన్నటితో అయిపోయింది. కంపెనీ బస్సు ఏడుంబావుకి వస్తుంది. నెత్తిన ఉండాల్సిన హెల్మెట్టు ఇంకా చేతిలోనే ఉంది. "అది నిజంగానే తింటోందా నాన్నా, సీసా ముట్టదు, చెంచాతో పాలు పట్టినా సగం కార్చేస్తుంది, సాయంత్రం దాకా ఎలా ఉంటుంది, ఈ పూటకి మానేస్తాను" అని ఇంటి దగ్గరే రెండుసార్లు అంది. ఈ పూట మానేస్తే రేపూ మానేస్తుంది, రేపు మానేస్తే ఆ క్రేను పైనున్న గదిలో ఇంకొకరు కూర్చుంటారు. తల్లి లేని కూతుర్ని పెంచి అంత ఎత్తుకి ఎక్కించడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆయనకి తెలుసు. అల్లుడు ఓడ మీద ఉన్నాడు, ఇంకో మూడు నెలల దాకా నేల మీద కాలు పెట్టడు. కాబట్టి పిల్లకి తినిపించే పని తాతదే, తింటోందని కూతుర్ని నమ్మించే పనీ తాతదే. మొహమ్మీద చెబితే అది నమ్మదు. పక్కవాళ్లకి చెబుతుంటే చెవిన పడాలి. అందుకే ఆయన గొంతు కాస్త పెంచాడు.

"ఏం చెప్పమంటావురా టైలరూ, నిన్న పొద్దున్న మా బుజ్జిది గుమ్మడికాయ గుజ్జు తినేసింది."

"మంచిదే కదా బాబాయ్," అన్నాడు టైలరు, కొట్టు తెరిచే ముందు గ్లాసెడు టీ తాగడానికి వచ్చినవాడు.

"మంచిదే అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా. ఎలా చేశానో అడగవేం?"

"ఎలా చేశారు?"

"అడిగావు కాబట్టి చెబుతున్నా. చెక్కు తీసి, గింజలు తీసి, ముక్కలు కోసి, నీళ్లలో పడేసి ఉడికించకూడదు, సారమంతా నీళ్లపాలవుతుంది, ఆవిరి మీద పెట్టాలి. పుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి. దించాక మెదపాలి, మరీ గట్టిగా ఉంటే కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు. ఉప్పు లేదు, పంచదార లేదు, తేనె అసలే లేదు, ఏడాది నిండేదాకా వాటి పేరెత్తొద్దని క్లినిక్కులో నర్సమ్మ మరీ మరీ చెప్పింది."

"ఇంతవరకూ బాగానే ఉంది," అన్నాడు పోస్ట్‌మ్యాన్, సైకిలుకి స్టాండు వేస్తూ. బాబాయి కథల్లో ఇంతవరకూ బాగానే ఉందంటే, ఇక అక్కడి నుంచి లేస్తుందని ఆయనకి అనుభవం.

లేచింది.

"మెదిపాక జల్లెడ పట్టాలి కదా. బజారు జల్లెడలో పట్టి చూశా, పీచు దిగుతోంది. ఏడు నెలల గొంతు, పీచు తగిలితే ఊరుకుంటుందా? ముప్పై ఏళ్లుగా ఇనుముతో బతుకుతున్నవాణ్ణి, నాకొకడు జల్లెడ అమ్మడమేంటని షాపుకెళ్లి నేనే ఒకటి చేశా. కన్నాలు ఎంత సన్నవో తెలుసా? నీళ్లు పోస్తే, ఆ నీళ్లు కాసేపు ఆగి ఆలోచించుకున్నాయి."

"నీళ్లా?"

"నీళ్లే. దిగాలా వద్దా అని. చివరికి ఒక్కో చుక్కా పక్కకి తిరిగి దూరింది. అలాంటి దాంట్లోంచి వచ్చిన గుజ్జు ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. ఈగ వచ్చి వాలింది. వాలడమేంటి, కాలు జారి గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచుకి పోయింది."

టీ కొట్టామె పాలగిన్నె కింద మంట తగ్గించి ఇటు తిరిగింది. "ఈగ వాలింది పిల్లకి పెట్టారా బాబాయ్ గారూ?"

"పారబోసి మళ్లీ చేశానమ్మా. శుభ్రం దగ్గర నాకు రాజీ లేదు," అన్నాడు బాబాయి, ఓరకంట స్తంభం వైపు చూస్తూ. కూతురు రోడ్డు వైపే చూస్తోంది. కానీ హెల్మెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. వింటోందన్నమాట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన వీధిలోకి పోయింది. మూడో ఇంట్లో కవలలు లేరూ, ఇంకా బోర్లాపడటమే చేతకానివాళ్లు, బోర్లాపడి, పాకి, గుమ్మం దిగి మా ఇంటికొచ్చారు. వెనక మేడ మీది పిల్లాడు మెట్లు దిగొచ్చాడు. పావుగంటలో పద్నాలుగు మంది, అందరూ ఏడాది లోపువాళ్లే, మా వాకిట్లో వరసగా కూర్చున్నారు. మధ్యలో ఒకడు దూరబోయాడు. వెనకున్న పిల్ల వాడి లాగు పట్టుకుని వెనక్కి లాగింది."

"ఆ వయసు వాళ్లకి లాగులెక్కడివి బాబాయ్?" అన్నాడు టైలరు.

"నీ దగ్గర కుట్టించలేదు కాబట్టి నీకు తెలీదు. సరే, పద్నాలుగు మందికి ఒక గిన్నె ఏ మూలకి? షాపులో రెండొందల లీటర్ల కొత్త డ్రమ్ముంది, అది తీసుకొచ్చి ఆవిరి పెట్టా. మెదపడానికి చేతులు చాలక, పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు కదా, వాళ్ల కాంక్రీటు మిషను అడిగి తెచ్చి, తోమి, అందులో వేశా, గుమ్మడికాయలు, క్యారెట్లు, చిలగడదుంపలు, యాపిల్ పళ్లు."

"అన్నీ కలిపేశారా?" ఇద్దరు పిల్లల్ని పెంచిన టీ కొట్టామె ఊరుకోలేదు. "కొత్తది ఏది మొదలుపెట్టినా మూడు రోజులు అదొక్కటే పెట్టి చూడాలి కదా, పడుతుందో లేదో. కలిపేస్తే, ఒంటి మీద దద్దురు వస్తే దేనివల్లో ఎలా తెలుస్తుంది?"

 ఆ మాట నర్సమ్మ బాబాయికీ చెప్పింది, తను అలాగే చేశాడు, రోజులు గోడ మీద సుద్దముక్కతో గీసుకుని మరీ.

"కలిపానని నేనన్నానా? నాలుగు మిషన్లు. దేనికది వేరు."

"ఆ కట్టే ఇంటి దగ్గర ఉన్నది ఒకటే మిషను," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"నువ్వు వెళ్లేసరికి మూడు మా ఇంట్లో ఉన్నాయి. అసలు విను. చివరింట్లో తొంభై దాటిన పెద్దాయన ఉన్నాడు కదా, పళ్లొక్కటీ లేవు, మంచం దిగి ఆరు నెలలైంది. ఆ వాసనకి కర్ర కూడా మర్చిపోయి వచ్చాడు. ఒక గిన్నె తిని వెళ్లాడు. ఇవాళ పొద్దున్న అద్దంలో చూసుకుంటే, కింద రెండు పాలపళ్లు."

"నిన్న సాయంత్రం ఆయన చేతికే ఉత్తరం ఇచ్చాను బాబాయ్. మంచం మీదే ఉన్నాడు."

"తిన్నాక ఎవరైనా కాసేపు పడుకుంటారు."

టైలరు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. బాబాయి నవ్వలేదు. కూతురు సంచిలోంచి ఫోను తీసింది. బొటనవేలు తెర మీద ఆడించి, ఆపి, మళ్లీ ఆడించింది. సూపర్‌వైజరు నంబరు వెతుకుతోందని ఆయనకి అర్థమైంది. ఏడూ పదైంది. బస్సు జాడ లేదు. ఆయన పిల్లని భుజం మార్చుకుని, ఇంక అడ్డూ ఆపూ లేకుండా అందుకున్నాడు.

"వాళ్లందరి సంగతి వదిలేయండి. మా బుజ్జిది ఏం చేసిందో అది చెప్పాలి. ఒక గిన్నె తింది. ఇంకోటి తింది. మూడోది నేను పెట్టేలోపు చెంచా నా చేతిలోంచి లాక్కుని తనే తింది. తిని లేచి నిలబడింది. నిలబడి, ఊరుకుంటుందా, చకచకా షాపులోకి నడిచింది. అక్కడ నిండు సిలిండరు దారికి అడ్డంగా ఉంది, నేనూ ఇంకొకరూ పట్టుకుంటే గానీ కదలదు. దాన్ని ఒంటిచేత్తో పక్కకి జరిపి, చేతులు దులుపుకుని, నా మొహంలోకి చూసి ఏమందో తెలుసా?"

"ఏమంది?" ఈసారి ముగ్గురూ ఒక్కసారే అడిగారు.

"'తాతా, అమ్మని పనిలోకి వెళ్లమను. నా తిండి సంగతి మనిద్దరం చూసుకుందాం' అంది."

 ఇంతసేపూ ఈ కథ తమ కోసం కాదని బల్ల దగ్గరున్నవాళ్లకి అప్పుడు తెలిసింది. ముగ్గురూ స్తంభం వైపు చూశారు. కూతురు ఫోను సంచిలో పెట్టేసి, నడుచుకుంటూ వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా," అంది నెమ్మదిగా, "పద్దెనిమిది రోజులుగా నీ చొక్కాలు ఉతుకుతున్నది నేనే."

బాబాయి చూపు తన చొక్కా గుండీల మీదికి పోయింది.

"నా ఒడిలో ఉంటే దానికి పాలే గుర్తొస్తాయని నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి, వంటింటి తలుపు వేసుకునేవాడివి. ఖాళీ గిన్నె పట్టుకొచ్చి, మొత్తం తినేసిందమ్మా అనేవాడివి. చొక్కా మార్చుకుని, ఆ చొక్కా బకెట్టు అడుగున కుక్కేవాడివి. మొదటి మూడు రోజులూ క్యారెట్టు, గుండీల మధ్య. తర్వాత చిలగడదుంప, అది జేబులో కూడా ఉంది. పదకొండో రోజు రెండు చొక్కాలు. గుమ్మడికాయ మొదలుపెట్టిన రోజున కాలరు వెనక్కి ఎలా వెళ్లిందో నాకిప్పటికీ అర్థం కాలేదు."

"అది... తల తిప్పుకుంది," అన్నాడు బాబాయి. "నేనూ అటు తిరిగా."

టైలరు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు తుడవడం మొదలుపెట్టాడు.

"ఊసిన ప్రతిసారీ మళ్లీ చేశావు కదా," అంది కూతురు. "తలుపు వెనక నుంచి వినపడేది. మెదపడం, గిన్నె కడగడం, మళ్లీ మెదపడం. ఒకరోజు నాలుగుసార్లు లెక్కపెట్టాను. లోపలికొచ్చి చాల్లే నాన్నా అందామనుకున్నాను. అంటే ఆపేస్తావేమోనని అనలేదు."

దూరంగా మలుపు దగ్గర బస్సు కనపడింది.

"నిన్న ఎన్ని చెంచాలు తింది? ఉన్నది చెప్పు."

ఆరు చెంచాలంటే ఎవరికైనా ఏం ఆనుతుంది? పది గంటలు ఇంట్లో ఉండని తల్లికి ఆరు చెంచాలని ఎలా చెప్పడం? ఆ అంకె చిన్నదని సిగ్గుపడే ఆయన పొద్దుటి నుంచీ డ్రమ్ములు, మిషన్లు దొర్లించాడు. ఇప్పుడు దొర్లించడానికి ఇంకేం మిగల్లేదు.

"ఆరు," అన్నాడు. ఆ కొట్టు దగ్గర ఆయన గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఆరు మింగింది. ఏడోది ఊసింది. మింగిన ఆరూ, నోరు తనే తెరిచింది. నేను బతిమాలలేదు."

 కూతురు కళ్లు తడిశాయి గానీ తుడుచుకోలేదు.

"నిన్నటి చొక్కా మీద ఒకటే మరక ఉంది," అంది. "అది చూసే ఇక్కడి దాకా వచ్చాను. నీ నోటితో వినకుండా ఎక్కబుద్ధి కాలేదు."

హెల్మెట్టు పెట్టుకుంది. పిల్ల బుగ్గ మీద ముద్దు పెట్టబోతే హెల్మెట్టు అంచు తగిలి పిల్ల మొహం చిట్లించింది. తీసి, ముద్దు పెట్టి, మళ్లీ పెట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"మధ్యాహ్నం పన్నెండున్నరకి ఫోను చేస్తాను. ఎన్ని తింటే అన్నే చెప్పు. రెండైతే రెండు. ఒకటీ తినకపోతే అదీ చెప్పు."

"చెబుతానమ్మా."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపుతుంటే ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని ఊపించాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఊపిస్తూనే ఉన్నాడు. తర్వాత బల్ల మీంచి లేచాడు.

"అప్పుడేనా బాబాయ్?" అన్నాడు టైలరు. "కూర్చోండి, ఇప్పుడైనా ఒక టీ తాగి వెళ్లండి."

"లేదురా, తొమ్మిదిన్నరకి దాని తిండి టైము," అన్నాడు బాబాయి, అప్పటికే రెండడుగులు వేసి. "ఇవాళ చెక్కు తియ్యాలి, ముక్కలు కొయ్యాలి, ఆవిరికి పెట్టాలి. అదయ్యాక ఏడో చెంచా సంగతి చూడాలి."