పరుగుపందేల పిల్ల

ఆటల హాస్టల్లో నర్సు గది. పద్నాలుగేళ్ల పరుగుపందేల పిల్ల లోపలికొచ్చి తలుపు గడియ వేసింది.

“నాలుగు రోజుల్నుంచి కింద ఒకటే దురద, వాసన నర్సక్కా. క్రిములు చంపే మందునీళ్లతో రోజుకు మూడుసార్లు లోపలిదాకా కడుగుతున్నా. తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది.”

“అలా కడగమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మురికి పట్టిందేమో అనుకున్నా.”

“మురికి కాదమ్మా. అక్కడ మంచి బాక్టీరియా కాపలా కాస్తుంది. నువ్వు దాన్నే తరిమేశావు. ఇక చెడ్డది ఊరుకుంటుందా?”

“అయితే నేనేదో పాడుపని చేసినందుకు రాలేదా?”

“జలుబు చేస్తే పాడుపని చేసినట్టా? సాయంత్రం డాక్టరమ్మ చూసి, చిన్న పరీక్ష చేసి మందిస్తుంది. లోపల కడగడం మానెయ్. పైపైన మామూలు నీళ్లు చాలు. పరుగు అవ్వగానే చెమట బట్టలు మార్చుకో.”

“ఆదివారం రిలే ఉంది. పరిగెత్తొచ్చా?”

“నిక్షేపంగా పరిగెత్తు.”

పిల్ల గడియ తీయబోయి ఆగిపోయింది.

“అక్కా, మా జట్టులో మిగతా ముగ్గురూ బయటే ఉన్నారు. వాళ్లకీ ఇదే బాధ. అలా కడుక్కోమని వాళ్లకు చెప్పింది నేనే.”

“అయితే మానెయ్యమని కూడా నువ్వే చెప్దువుగాని. లోపలికి పిలువు.”